పొంగేదాకా ఆగుదాం: ఇంటి బ్రెడ్‌లో ఈస్ట్ పని
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవాళ్లు కాస్త ముందుకు జరిగి కూర్చుంటే బాగుంటుందండి. ఈ బల్ల మీద మూడు గాజు సీసాలున్నాయి. మనం మాట్లాడుకునే ఈ గంటసేపూ వీటి మీద ఓ కన్నేసి ఉంచండి.

మూడింటిలోనూ ఉన్నది ఒకే పిండి. 100 గ్రాముల మైదా, 65 గ్రాముల నీళ్లు, 2 గ్రాముల ఉప్పు. తేడా అంతా ఈస్ట్‌లోనే ఉంది. ఎడమవైపు సీసాలో ఒక చెంచాడు, అంటే సుమారు 3 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్ వేశాను. మధ్యదాంట్లో అర గ్రాము. ఈ రెండూ ఇప్పుడే, మీరు లోపలికి వస్తుండగా కలిపాను. కుడివైపుది నిన్న రాత్రి పదకొండింటికి కలిపి వంటగది గట్టు మీద వదిలేసినది. అందులో వేసింది గ్రాములో పదో వంతు మాత్రమే. అంత చిన్న కొలత ఇంట్లో కాటా మీద తూగదు కాబట్టి ఒక గ్రాము ఈస్ట్‌ని 100 గ్రాముల నీళ్లలో కలిపి, అందులోంచి 10 గ్రాముల నీళ్లు తీసుకున్నాను. మిగతా 55 గ్రాములు మామూలు నీళ్లు పోశాను. ఈ చిట్కా రాసుకోండి, పనికొస్తుంది.

పిండి వేసినప్పుడు ఎక్కడిదాకా ఉందో తెలియడానికి ఒక్కో సీసాకీ రబ్బరు బ్యాండు చుట్టాను. కుడివైపు సీసాలో పిండి ఇప్పటికే బ్యాండుకి రెట్టింపు ఎత్తులో ఉంది, చూశారా? గ్రాములో పదో వంతు చేసిన పని అది. ఈస్ట్ విషయంలో ఇంట్లో బ్రెడ్ చేసేవాళ్లకు నేను చెప్పాలనుకున్నదంతా ఆ సీసాలోనే ఉంది. మనం ఈస్ట్ ఎక్కువ వేసి, వేడి ఎక్కువ పెట్టి, తొందరపడతాం. ఈస్ట్ తగ్గించి, చల్లగా ఉంచి, ఆగితే మంచి బ్రెడ్ వస్తుంది. అలా ఎందుకు వస్తుందో తెలిస్తే ఆగడం కష్టమనిపించదు. అందుకే ముందు ఈస్ట్ అంటే ఏమిటో చూద్దాం.

ఈస్ట్ ఒక శిలీంధ్రం. పుట్టగొడుగులకు దూరపు చుట్టమైన ఏకకణ జీవి. మనం బ్రెడ్‌లో వాడే రకం పేరు శాకరోమైసిస్ సెరివిసియే. శాకరోమైసిస్ అంటే చక్కెర శిలీంధ్రం అని అర్థం. ఒక్కో కణం మిల్లీమీటరులో వెయ్యో వంతుకి ఐదు నుంచి పది రెట్లు ఉంటుంది, అంతే. ముద్దగా దొరికే తాజా ఈస్ట్ ఒక్క గ్రాములో సుమారు వెయ్యి కోట్ల కణాలుంటాయి. ఈ అంకె ఒక్కసారి మనసుకి పడితే, చిటికెడు ఈస్ట్ ఎంత పెద్ద సైన్యమో అర్థమవుతుంది.

ఇది జీవి అని తెలియడానికి మనుషులకు చాలా కాలం పట్టింది. 1680లో లేవన్‌హుక్ తన సూక్ష్మదర్శిని కింద బీరు నురగ పెట్టి చిన్న చిన్న గోళాలు చూశాడు. అవి ప్రాణమున్నవని ఆయనకు తోచలేదు. 1837 ప్రాంతంలో కన్యార్ లాతూర్, ష్వాన్, క్యూట్సింగ్ అనే ముగ్గురు ఎవరికి వారే, ఇవి మొగ్గ తొడిగి పెరుగుతున్నాయి, ఇవి బతికున్నాయి అన్నారు. ఆనాటి పెద్ద రసాయన శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పాశ్చర్ పులియడం జీవుల పనేనని ప్రయోగాలతో చూపించడం మొదలుపెట్టాడు. అయితే వాళ్లందరికంటే ముందు వేల ఏళ్లుగా రొట్టె కాల్చినవాళ్లు, పేరు తెలియకుండానే ఈ జీవిని పోషించుకుంటూ వచ్చారు. నిన్నటి పిండిలో కొంత ఇవాళ్టికి దాచారు, లేదా బీరు కాచేవాళ్ల దగ్గర నురగ తెచ్చుకున్నారు. నాకు ఈ సంగతి తలచుకుంటే వాళ్ల మీద గౌరవం కలుగుతుంది. చేతికి తెలిసిన విద్య తలకి ఎక్కడానికి అంత కాలం పట్టింది.

ఇంకొక్క పేరు చెప్పి చరిత్ర వదిలేస్తాను, ఎందుకంటే దానికీ మన వంటగదికీ నేరుగా సంబంధం ఉంది. 1897లో ఎడ్వర్డ్ బూక్నర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈస్ట్‌ని ఇసుకతో నూరి, గట్టిగా పిండి రసం తీశాడు. అది చెడిపోకుండా చక్కెర కలిపాడు. చూస్తే బుడగలొస్తున్నాయి. ఒక్క బతికున్న కణం లేని రసం పులుస్తోంది! పని చేస్తున్నది కణంలోని ఎంజైములని, అంటే రసాయన మార్పుల్ని త్వరగా జరిపించే పదార్థాలని, అలా తేలింది. 1907లో ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. మనకు దీంతో ఏమిటంటే, ఎంజైముల పని వేగం వేడిని బట్టి ఉంటుంది. అందుకే బ్రెడ్ చేసేవాళ్ల చేతిలో ఉన్న అసలు పగ్గం ఉష్ణోగ్రత. దాని దగ్గరికి వస్తాను.

ముందు పిండిలో ఏం జరుగుతుందో చెప్పనివ్వండి. మైదాలో నీళ్లు పడగానే పిండిలోనే ఉండే ఎంజైములు మేలుకుని పిండి పదార్థాన్ని మాల్టోస్ అనే చక్కెరగా విరగ్గొడతాయి. అందుకే చెంచాడు పంచదార వేయకపోయినా ఈస్ట్‌కి తిండికి లోటుండదు. పంచదార లేనిదే బ్రెడ్ పొంగదు అని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. ఈ మూడు సీసాల్లో ఒక్క పలుకు పంచదార లేదు.

ఈస్ట్ ఆ చక్కెర తిని కార్బన్ డయాక్సైడ్ వాయువునీ, ఆల్కహాలునీ వదులుతుంది. ఆల్కహాలు చాలామటుకు ఓవెన్‌లో ఎగిరిపోతుంది. వాయువు పిండిని పొంగిస్తుంది. ఇక్కడొక విశేషం ఉంది. ఈస్ట్ కొత్తగా ఒక్క బుడగని కూడా పుట్టించలేదు. అది వదిలిన వాయువు ముందు పిండిలోని నీళ్లలో కరుగుతుంది, ఆ తర్వాత అప్పటికే ఉన్న బుడగల్లోకి చేరి వాటిని ఉబ్బిస్తుంది. మరి ఆ బుడగలు ఎక్కడివి? మీరు పిసికేటప్పుడు చిక్కుకున్న గాలివి. పిండిని మడిచి, నొక్కి, మళ్లీ మడిచినప్పుడల్లా కంటికి కనపడని గాలి గింజలు లోపల పాతుకుంటాయి. బ్రెడ్ కోసినప్పుడు కనిపించే ప్రతి గూడూ మొదట మీ చేతులు పెట్టిన విత్తనమే. పొంగిన ముద్దని మధ్యలో ఒకసారి మెల్లగా నొక్కి మడుస్తాం కదా, అది గాలి పోగొట్టడానికే అనుకోకండి. పెద్ద బుడగలు చీలి చిన్నవి ఎక్కువవుతాయి, ఈస్ట్ కొత్త తిండి ఉన్న చోటికి జరుగుతుంది, ముద్దంతా ఒకే వేడికి వస్తుంది.

బుడగ నిలబడాలంటే గోడ కావాలి. ఆ గోడే గ్లూటెన్, మైదాలోని ప్రోటీన్లు నీళ్లు తగిలి అల్లుకున్న సాగే వల. చిన్న ముక్క తీసి నాలుగు వేళ్లతో నెమ్మదిగా సాగదీయండి, ఇలాగ. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే లోపల నా వేలి నీడ కనిపిస్తోందా? చిరగకుండా ఇంత పల్చగా సాగితే ఆ పిండి గాలిని పట్టి ఉంచుతుంది. మధ్యలోనే తెగిపోతే ఇంకాస్త పిసకాలి, లేదా మూతపెట్టి పావుగంట వదిలేసి మళ్లీ చూడాలి. పొంగలేదు అని ఈస్ట్‌ని తిట్టేవాళ్లలో చాలామందికి అసలు చిక్కు ఇక్కడే ఉంటుంది. ఈస్ట్ వాయువు ఇస్తూనే ఉంది, గోడ చిల్లులు పడి అది బయటికి పోతోంది.

ఇందాక తలుపు దగ్గర ఒకమ్మాయి అడిగింది, అంగట్లో మూడు రకాలుంటాయి, ఏది కొనాలని. తాజా ఈస్ట్ ముద్దగా, చెక్కలా ఉంటుంది. దానిలో 70 శాతం దాకా నీళ్లే. బాగా పని చేస్తుంది కానీ ఫ్రిజ్‌లో పెట్టినా రెండు మూడు వారాల కంటే నమ్మలేం. రెండోది యాక్టివ్ డ్రై, కాస్త పెద్ద గుళికలు. ఆరబెట్టేటప్పుడు పై పొరలో చాలా కణాలు చచ్చిపోతాయి, ఆ పొర లోపల బతికున్నవి ఉంటాయి. కాబట్టి దీన్ని ముందుగా 38 నుంచి 43 డిగ్రీల నీళ్లలో ఐదు పది నిమిషాలు నానబెట్టాలి. చన్నీళ్లలో నానబెట్టకూడదు. ఎండిన కణం గోడ చల్లటి నీళ్లలో సరిగా కూడుకోక లోపలి సరుకు బయటికి కారిపోతుంది. అందులో ఉండే గ్లూటథయోన్ అనే పదార్థం గ్లూటెన్‌ని మెత్తబరుస్తుంది. పిండి జిగటగా, చేతికి అంటుకుంటూ ఉంటుంది, ఎందుకో చేసేవాళ్లకు అంతుపట్టదు. మూడోది ఇన్‌స్టంట్. గుళికలు సన్నగా ఉంటాయి, చచ్చిన కణాలు తక్కువ, నేరుగా పొడి పిండిలో కలిపేయొచ్చు. ఇంట్లో వాడకానికి నా ఓటు దీనికే.

వంటకంలో ఒక రకం చెప్పి, మీ చేతిలో మరొకటి ఉంటే ఇలా మార్చుకోండి: తాజాది 10 గ్రాములు అంటే యాక్టివ్ డ్రై 4 గ్రాములు, ఇన్‌స్టంట్ సుమారు 3.3 గ్రాములు. పొట్లం విప్పాక గాలి చొరబడని డబ్బాలో పోసి ఫ్రిజ్‌లోనో ఫ్రీజర్‌లోనో పెట్టండి. తేమా, గాలీ, వేడీ, ఈ మూడే దాని శత్రువులు.

ఒక మాట కాస్త గట్టిగానే చెప్పాలి. ఈస్ట్ అంటే కెమికల్ అని, ఒంటికి మంచిది కాదని పిల్లలకు చెప్పేవాళ్లను చూశాను. నాకు బాధగా ఉంటుంది. పొట్లంలో ఉన్నది జీవి. చెరకు, బీటు దుంపల మడ్డితో చేసిన ద్రావణంలో గాలి బాగా ఊదుతూ దాన్ని పెంచుతారు, కడుగుతారు, వడగట్టి ఆరబెడతారు. తేమ లాగేటప్పుడు కణం దెబ్బతినకుండా, ఇన్‌స్టంట్ రకంలో కొద్దిగా ఎమల్సిఫయర్, అంటే నూనెనీ నీటినీ కలిపి ఉంచే పదార్థం, కలుపుతారు, ఆ మాట పొట్లం మీద రాసే ఉంటుంది. బేకింగ్ పౌడర్ సంగతి వేరు, అది లవణమూ ఆమ్లమూ కలిసిన పొడి, దానికి ప్రాణం లేదు. రెండింటినీ ఒక గాటన కట్టకండి.

ఇప్పుడు వేడి సంగతి. నా మొదటి బ్రెడ్ గురించి చెబుతాను. వంటకంలో వేడి నీళ్లు అని ఉంది. నేను పొయ్యి మీద నుంచి దించి, ఆవిరి వస్తున్న నీళ్లు ఈస్ట్ మీద పోశాను. నురగ రాలేదు. అయినా పిండి కలిపి, రాత్రంతా మూతపెట్టి ఉంచాను. తెల్లారి ముద్ద పెట్టింది పెట్టినట్టే ఉంది. ఈస్ట్ మంచిది కాదని పొట్లం పారేసి ఇంకోటి కొన్నాను. దాన్నీ అలాగే చంపాను. మూడోసారి, ఓ బేకరీలో చాలా ఏళ్లు పనిచేసిన పెద్దాయనకి ఈ గోడు వెళ్లబోసుకున్నాను. ఆయన నన్నే గ్లాసులో నీళ్లు పట్టుకుని వేలు ముంచమన్నారు. ముంచలేకపోయాను. "నీ వేలు తట్టుకోలేని వేడిని ఆ చిన్న ప్రాణి ఎలా తట్టుకుంటుందమ్మా?" అన్నారు. ఇవాళ్టికీ నేను నీళ్లు మణికట్టు మీద పోసి చూడకుండా ఈస్ట్ డబ్బా ముట్టుకోను.

లెక్క ఇదీ. 4 డిగ్రీల దగ్గర, అంటే ఫ్రిజ్‌లో, ఈస్ట్ దాదాపు నిద్రలో ఉంటుంది. కానీ పూర్తిగా ఆగదు. 20 దాటాక చురుకవుతుంది. 27 నుంచి 35 మధ్య పరుగులు పెడుతుంది. 40 దాటితే అలసట. 55, 60 డిగ్రీల దగ్గర చచ్చిపోతుంది. పది డిగ్రీలు పెరిగితే వేగం సుమారు రెట్టింపవుతుంది. కాబట్టి వంటకంలో రాసిన "గంటన్నర" అన్న మాటకి, రాసినవాళ్ల వంటగదిలో తప్ప ఇంకెక్కడా విలువ లేదు. మీ గది 20 డిగ్రీలుంటే మూడు గంటలు పట్టొచ్చు, 32 ఉంటే గంటలోపే అయిపోవచ్చు.

పరుగెత్తడం మంచిదే కదా, 35 దగ్గరే పెడితే పోలేదా అని మీకు అనిపించవచ్చు. ఇక్కడే నా పట్టుదలంతా. పొంగడం, రుచి రావడం ఒకే వేగంతో నడవవు. వాయువు త్వరగా వస్తుంది. రుచికి కావలసిన ఆమ్లాలు, సువాసన పదార్థాలు మెల్లగా కూడుతాయి. గ్లూటెన్ నీళ్లు పీల్చుకుని సర్దుకోవడానికీ వ్యవధి కావాలి. ముద్ద గంటలో పొంగిపోతే వాయువు మాత్రం వచ్చింది, మిగతావి రాలేదు. అందుకే బేకరీల్లో కలిపిన ముద్ద వేడి 24 నుంచి 26 డిగ్రీల మధ్య ఉండేలా చూసుకుంటారు. దానికి చాలా తేలికైన లెక్క ఉంది. ముద్ద ఎంత ఉండాలో దాన్ని మూడుతో గుణించండి. అందులోంచి గది వేడి, పిండి వేడి తీసేయండి. మిగిలింది నీళ్ల వేడి. ముద్ద 26 కావాలి, గది 32, పిండి 32 అనుకోండి. 78లోంచి 64 పోతే 14. అంటే ఆ రోజు మీరు వాడాల్సింది చన్నీళ్లు! చేత్తో పిసికితే ఒకటి రెండు డిగ్రీలు పెరుగుతుంది, మిషన్‌లో అయితే ఇంకా ఎక్కువ, దాన్నీ తగ్గించాలి. అలాంటి రోజున కూడా వంటకంలో ఉంది కదా అని గోరువెచ్చని నీళ్లే పోస్తాం. ఇన్‌స్టంట్ ఈస్ట్ పొడి పిండిలో కలిసిపోతుంది కాబట్టి చన్నీళ్లతో దానికి భయం లేదు, మంచు ముక్కలు తేలే నీళ్లు మాత్రం వద్దు. యాక్టివ్ డ్రై అయితే కొద్ది వెచ్చటి నీళ్లలో నానబెట్టి, మిగతా నీళ్లు చల్లగా పోయండి.

ఎడమవైపు సీసా చూడండి. అప్పుడే బ్యాండు దాటి వచ్చేసింది. మధ్యది ఇంకా కదిలినట్టు కూడా లేదు. ఉండనివ్వండి.

ఉప్పు గురించి అందరికీ ఒక భయం ఉంది, ఉప్పు తగిలితే ఈస్ట్ చచ్చిపోతుందని. తాజా ఈస్ట్ ముద్ద మీద ఉప్పు పోసి వదిలేస్తే అది నీరుగారిపోతుంది, నిజమే. కానీ పొడి ఈస్ట్, ఉప్పు రెండూ పిండిలో కలిపి వెంటనే నీళ్లు పోస్తే ఏమీ కాదు. పిండి బరువులో 2 శాతం ఉప్పు ఈస్ట్ వేగాన్ని కొద్దిగా తగ్గిస్తుంది, గ్లూటెన్‌ని బిగిస్తుంది. ఆ తగ్గడం మనకు కావలసిందే. ఉప్పు మరిచిపోయిన ముద్ద ఎలా ఉంటుందో ఒకసారి చూస్తే తెలుస్తుంది. తొందరగా పొంగి, చప్పబడి, చేతికి జారిపోతూ ఉంటుంది.

పంచదారది అటూ ఇటూ పనిచేసే వ్యవహారం. కొంచెమైతే తిండి, పిండి బరువులో 10 శాతం దాటితే కణంలోంచి నీటిని లాగేస్తుంది, ఈస్ట్ నెమ్మదిస్తుంది. తీపి బన్నుల పిండి మందకొడిగా పొంగడానికి కారణం అదే. దాల్చినచెక్క పొడి కూడా ఈస్ట్‌ని అణుస్తుంది. దాన్ని పిండిలో కలపకుండా మడతల మధ్య చల్లండి.

కొలతల దగ్గరకొద్దాం. 500 గ్రాముల మైదా, 325 గ్రాముల నీళ్లు, 10 గ్రాముల ఉప్పు. ఇది స్థిరం. అదే రోజు కాల్చాలంటే 3 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, అంటే ఒక చిన్న చెంచా, 26 డిగ్రీల దగ్గర మొదటి పొంగుకి గంటన్నర నుంచి రెండు గంటలు. రాత్రి కలిపి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు కాల్చాలంటే అందులో సగం చాలు. రాత్రంతా గది వేడిలోనే వదిలేయాలంటే అర గ్రాము. చెంచా కొలతలు వదిలేసి కాటా కొనుక్కోండి. చెంచాలో నిండుగా వేసినదానికీ, గీసి వేసినదానికీ తేడా చాలా ఉంటుంది.

ఫ్రిజ్‌లో పెట్టడంలో ఒక మెళకువ ఉంది. ముద్ద ఫ్రిజ్‌లోకి వెళ్లగానే చల్లబడదు. పిండి దుప్పటి లాంటిది, నడిమి భాగం చల్లబడటానికి గంటలు పడుతుంది. ఆ లోపు లోపల పొంగు సాగుతూనే ఉంటుంది. పూర్తిగా పొంగాక ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి కూలిపోతుంది. సగం కంటే తక్కువ పొంగినప్పుడే, వెడల్పాటి గిన్నెలో పల్చగా పరిచి, మూతపెట్టి ఉంచండి. పల్చగా ఉంటే త్వరగా చల్లారుతుంది.

ఎక్కువ ఈస్ట్ ఏం చేస్తుందో కూడా నా అనుభవమే చెబుతుంది. ఓసారి ఇంటికి వచ్చేవాళ్లున్నారని, వేళ దాటిపోతోందని మూడు చెంచాలు వేసి, ముద్దని వెచ్చటి ఓవెన్‌లో పెట్టాను. నలభై నిమిషాల్లో టిన్ను అంచు దాటింది. చాలా సంతోషించాను. ఓవెన్ పెద్ద మంట మీద పెట్టి లోపలికి తోసిన కాసేపటికి నడిమి భాగం దిగబడిపోయింది. కోస్తే పెద్ద పెద్ద గూళ్లు, పొడిపొడిగా రాలే బ్రెడ్, ముక్కుకి పచ్చి ఈస్ట్ వాసన. పైన రంగు కూడా రాలేదు. ఆ పాలిపోయిన రంగుకి కారణం చాలా రోజుల తర్వాత తెలిసింది. బ్రెడ్ పైభాగం గోధుమ రంగుకి తిరగాలంటే పిండిలో ఇంకా చక్కెర మిగలాలి. ఆ సైన్యం అంతా తినేసింది. ఇప్పుడు ఎవరైనా నా బ్రెడ్ తెల్లగానే ఉండిపోయింది అంటే, ఓవెన్ గురించి అడిగే ముందు ఈస్ట్ ఎంత వేశారని అడుగుతాను.

మరి సరిగ్గా పొంగిందని ఎలా తెలుసుకోవాలి? మొదటి పొంగుకి ఈ సీసా పద్ధతే మేలు. ముద్దలోంచి చిన్న ముక్క నిటారు గోడలున్న గ్లాసులో వేసి గుర్తు పెట్టండి. గిన్నెలో ముద్ద రెట్టింపయిందో లేదో కళ్లు మోసం చేస్తాయి, గ్లాసు చేయదు. రెండో పొంగుకి, అంటే టిన్నులో పెట్టాక, వేలు కావాలి. వేలికి పొడి పిండి అద్దుకుని ముద్ద పక్కన అర అంగుళం నొక్కండి. గుంట వెంటనే పైకి తన్నుకొస్తే ఇంకా ఆగాలి. మెల్లమెల్లగా సగం వరకు లేచి, కొద్ది గుంట మిగిలితే అదే అదను. అస్సలు లేవకుండా ఉండిపోతే దాటిపోయింది. దాటిపోతే పారేయకండి. ముద్దని నొక్కి, మళ్లీ చుట్టి, ఇంకోసారి పొంగనివ్వండి, ఈసారి తక్కువసేపు. రుచి కాస్త పులుపెక్కుతుంది కానీ బ్రెడ్ దక్కుతుంది.

ఓవెన్ ముందుగానే 220 డిగ్రీలకు వేడెక్కి ఉండాలి. లోపల పెట్టాక మొదటి పది నిమిషాలూ చూడటం నాకు ఇప్పటికీ ఇష్టం. ముద్ద వేడెక్కే కొద్దీ ఈస్ట్ చివరిసారి విజృంభిస్తుంది. నీళ్లలో కరిగి ఉన్న వాయువు బయటికొస్తుంది, ఆల్కహాలు ఆవిరవుతుంది, బుడగల్లో గాలి వ్యాకోచిస్తుంది. అన్నీ కలిసి ముద్దని కళ్ల ముందే పైకెత్తుతాయి. లోపల 60 డిగ్రీలు దాటేసరికి ఈస్ట్ పని ముగుస్తుంది. ఆ తర్వాత గోడలు గట్టిపడి, పెరిగిన ఎత్తు అలాగే నిలబడుతుంది. నడిమి భాగం 93 డిగ్రీలు దాటితే కాలినట్టే. ఆ మొదటి పది నిమిషాల్లో ఎగరడానికి కొంత బలం మిగిలి ఉండాలంటే, ముద్దని చివరంటా పొంగనివ్వకుండా కాస్త ముందే లోపల పెట్టాలి.

సావర్‌డో గురించి అడుగుతారని తెలుసు. అది ఈ కుటుంబమే. పిండిలోనే ఉండే అడవి ఈస్ట్‌లు, లాక్టిక్ ఆమ్లం చేసే బాక్టీరియా కలిసి కాపురం చేస్తాయి. పిండీ నీళ్లూ కలిపి రోజూ కొంత తీసేసి కొత్త పిండి వేస్తూ పోతే తయారవుతుంది. రెండో రోజో మూడో రోజో బాగా పొంగి, ఆ తర్వాత చప్పగా పడిపోతుంది. అప్పుడే చాలామంది చచ్చిపోయిందని పారేస్తారు. ఆ మొదటి పొంగు వేరే బాక్టీరియాది. పులుపు పెరిగాక అవి తప్పుకుంటాయి, అసలు ఈస్ట్ అప్పుడు పుంజుకుంటుంది. ఇంకో వారం ఓపిక పట్టండి. కానీ కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు పొట్లం ఈస్ట్‌తో ఓ పది బ్రెడ్లు కాల్చి, ముద్ద పొంగు చేతికి అలవాటయ్యాక అటు వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. రెండు తెలియని సంగతులు ఒకేసారి పెట్టుకుంటే తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోలేం.

పాత పొట్లం బతికుందో లేదో అనుమానమొస్తే, అరగ్లాసు 40 డిగ్రీల నీళ్లలో చిటికెడు పంచదార, చెంచాడు ఈస్ట్ వేసి పది నిమిషాలు చూడండి. పైన మందంగా నురగ కట్టిందా, వాడుకోండి. లేదా, 500 గ్రాముల పిండి వృథా కాకుండా బయటపడ్డారు.

సరే, సీసాల దగ్గరకు రండి. ఎడమవైపుది మూతని తోసేస్తోంది. మధ్యది ఇప్పుడే బ్యాండు మీదకి తల ఎత్తింది, దానికింకా గంట పైనే కావాలి. మూడు మూతలూ తీస్తున్నాను. ముందు ఎడమవైపుది వాసన చూడండి, ఈస్ట్ తప్ప ఇంకేమీ తెలియదు. ఇప్పుడు ఈ కుడివైపుది. కొంచెం పండ్ల వాసన, కొంచెం పులుపు, వెనకాల గోధుమ తీపి. తొయ్యకండి, అందరికీ అందుతుంది. వాసన చూశాక ఈ పళ్లెంలో పొడి పిండి ఉంది, వేలికి అద్దుకుని ఒక్కొక్కరూ రెండు సీసాల్లోనూ నొక్కి చూడండి, ఏ గుంట ఎలా లేస్తోందో నాకు చెప్పండి.